మంచు కురియునా? వాతావరణ పటములను చదువు విధము

మన తెలుగులో మంచు అను మాట ఒక్కటే. తెల్లవారుజామున గడ్డిపోచ మీద నిలిచిన బిందువు మంచు. ధనుర్మాసములో ఎదుటి మనిషి కనబడకుండ కమ్ముకొనునదియు మంచే. లంబసింగిలో చలి ముదిరిన నాడు ఆకుల మీద తెల్లగా పేరుకొనునదియు, హిమాలయ శిఖరములను కప్పియున్నదియు మంచే. కవులకు ఈ ఒక్క మాట చాలినది. కాని శీతదేశములలో ఆకాశము నుండి రాలు మంచును ముందుగా చెప్పబూనినవారికి ఇది చాలదు. అది దూదిపింజ వలె దిగునా, గుండ్ల వలె రాలునా, వానగా పడి నేలను తాకిన వెంటనే అద్దము వలె గడ్డకట్టునా అను భేదము మీద అక్కడి జనుల ప్రాణములు ఆధారపడియుండును. ఈ భేదమును ముందుగా కనుగొనుటకు కంప్యూటర్లు గీయు పటములను ఎట్లు చదువవలెనో నేటి ప్రసంగములో చెప్పదలచినాము.

మంచు కురియని సీమలో ఈ చదువు మనకేల యని శ్రోతలలో కొందరు అనుకొనవచ్చును. కాని నేడు గుంటూరులోను, కరీంనగరులోను ఎన్నో ఇండ్లలో కొడుకో కూతురో అమెరికాలో ఉన్నారు. జనవరి మాసములో న్యూజెర్సీ నుండియో బోస్టను నుండియో ఒక రంగుల పటము ఫోనులో వచ్చును. దాని మీద ఊదారంగు పూసియుండును. 24 అంగుళములు అని వ్రాసియుండును. తల్లికి ఆ రాత్రి నిద్ర పట్టదు. మూడవనాడు కుమారుడు ఫోను చేసి, ఇక్కడ వాన తప్ప మరేమియు పడలేదనును. మరియొకసారి ఏ పటమును రాకుండగనే మోకాలిలోతు మంచు పడును. ఆ పటమును నమ్మవలెనా మానవలెనా యని తర్కించుట కంటె, అది ఎట్లు పుట్టినదో తెలిసికొని చదువుట మేలని మా అభిప్రాయము. అమెరికా ప్రభుత్వము తన లెక్కల ఫలితములను లోకమునకంతకును ఉచితముగా ఇచ్చుచున్నది గనుక, నేర్చుకొనగోరువారికి అడ్డము లేదు.

2015 జనవరి 26వ తేదీన న్యూయార్కులో జరిగిన దానిని ముందుగా చెప్పెదము. ఆ నగరములో 20 నుండి 30 అంగుళముల మంచు, అనగా 50 నుండి 75 సెంటీమీటర్లు, పడగలదని అమెరికా జాతీయ వాతావరణ సంస్థ హెచ్చరించినది. ఆ రాత్రి వాహనములను వీధులలోనికి రానీయలేదు. 1904లో ప్రారంభమైన భూగర్భ రైళ్ళను మంచు కారణముగా ఆపివేయుట అదియే మొదటిసారి. తెల్లవారిన పిమ్మట సెంట్రల్ పార్కులో కొలిచి చూడగా తేలినది 9.8 అంగుళములు. నగరవాసులకు కోపము వచ్చినదనిన ఆశ్చర్యము లేదు. ఐతే అదే తుపానులో, న్యూయార్కు నడిబొడ్డునకు తూర్పున సుమారు 50 మైళ్ళ దూరములోనున్న ఐస్లిప్ ప్రాంతమున రెండడుగులు పడినది. బోస్టనులో 24.6 అంగుళములు, వూస్టరులో 34.5 అంగుళములు పడినది. తుపాను రాలేదా? వచ్చినది. మంచు కురియలేదా? కురిసినది. దాని పడమటి అంచు మాత్రము అనుకొన్న చోటికి కొంత తూర్పున ఆగినది. ఆ కొంతలోనే కోట్ల జనాభాగల మహానగర ప్రాంతము ఉండుట వలన సూచన తప్పినదని లోకమంతయు చెప్పుకొన్నది.

ఆనాడు ఐరోపా కేంద్రము వారి లెక్క న్యూయార్కునకు భారీ మంచు చూపినది. అమెరికా వారి లెక్క తక్కువ చూపినది. 2012లో శాండీ తుపాను దారిని ఐరోపా లెక్కయే ముందుగా పసికట్టియుండుట వలన దానికి గొప్ప పేరుండెను. 2015లో ఆ పేరే కొందరి తీర్పును ఒక వైపునకు మొగ్గించినదని మేము తలంచుచున్నాము.

ఇంతకును ఆ లెక్క ఏమి? భూగోళమును చుట్టియున్న గాలిని చదరంగపు గడుల వలె అడ్డముగాను, అంతస్తుల వలె నిలువుగాను విభజింతురు. ఒక్కొక్క గడిలో ఈ క్షణమున వాయుపీడనమెంత, ఉష్ణోగ్రత యెంత, తేమ యెంత, గాలి యెటు వీచుచున్నది అను సంఖ్యలను నింపుదురు. ఈ సంఖ్యలు బెలూనుల నుండి, ఉపగ్రహముల నుండి, ఓడల నుండి, విమానముల నుండి వచ్చును. తరువాత భౌతికశాస్త్ర సూత్రములను అనుసరించి కొన్ని నిమిషముల తరువాత ఆ సంఖ్యలు ఎట్లు మారునో కట్టుదురు. ఆ ఫలితము మీద మరికొన్ని నిమిషములు కట్టుదురు. ఇట్లు దినముల తరబడి ముందునకు పోవుదురు. ఈ ఆలోచనను మొదట చేతితో అమలుపరచినవాడు లూయీ ఫ్రై రిచర్డ్‌సన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు. మొదటి ప్రపంచ యుద్ధకాలమున ఫ్రాన్సులో క్షతగాత్రులను చేరవేయు బండ్ల దళములో పనిచేయుచు, 1910 మే 20వ తేదీ నాటి వాతావరణము ఆరు గంటలలో ఎట్లు మారునో ఆయన లెక్కించెను. పీడనము 145 మిల్లీబార్లు మారునని తేలినది. నిజమునకు ఆ దినమున అది దాదాపు కదలనే లేదు. అయినను 1922లో ఆ లెక్కను ఉన్నదున్నట్లుగా పుస్తకములో అచ్చువేయించెను. అట్టి ధైర్యము శాస్త్రజ్ఞులలో కూడ అరుదు. 1950లో చార్నీ, ఫ్యోర్టాఫ్ట్, ఫాన్ నాయ్‌మన్ అనువారు ఎనియాక్ అను తొలి కంప్యూటరు మీద ఇదే పనిని సాధించిరి. నాడు 24 గంటల సూచనకు 24 గంటల కాలమే పట్టినది!

నేడు జీఎఫ్ఎస్ అను పేరుగల అమెరికా లెక్క దినమునకు నాలుగుసార్లు నడచుచున్నది. దాని గడి సుమారు 13 కిలోమీటర్లు. 16 దినముల వరకు పోవును. ఇచట శ్రోతలు మొదటి పాఠమును గమనింపవలయును. ప్రతి పటము నెత్తి మీద రెండు కాలములు ఉండును: ఒకటి లెక్క మొదలైన కాలము, రెండవది పటము చూపు కాలము. అవి గ్రీనిచ్ కాలమానములో ఉండును. సున్న గంటలకు మొదలైన లెక్కలో 36వ గంట పటమనిన, మరునాటి మధ్యాహ్నము 12 గంటల గ్రీనిచ్ కాలమునాటిది. శీతకాలములో అది న్యూయార్కున ఉదయము 7 గంటలు, మనకు సాయంకాలము 5.30. ఈ తలపంక్తిని చదువకుండగనే నిన్నటి పటమును నేటిదిగా పంచిపెట్టువారు చాలమంది ఉన్నారు. పటమెంత అందముగా ఉన్నను తలపంక్తి లేనిదైనచో దానిని ప్రక్కకు పెట్టుటయే మంచిది.

రెండవ పాఠము, మంచు లోతు పటమును అన్నిటికంటె చివర చూచుట. మొదట చూడవలసినది 500 మిల్లీబార్ల పటము. నేలనుండి సుమారు అయిదున్నర కిలోమీటర్ల ఎత్తున గాలి నదివలె వంపులు తిరుగుచు పడమటినుండి తూర్పునకు పారును. ఆ వంపులలో దక్షిణమునకు దిగిన లోయవంటి దానికి ఎదురుగా, అనగా తూర్పు వైపున, గాలి పైకి లేచును; అచ్చటనే క్రింద అల్పపీడనము బలపడును. ఆ లోయ వాడిగా ఉన్నదా, చదునుగా ఉన్నదా, ఉత్తరపు లోయయు దక్షిణపు లోయయు ఒకదానితో ఒకటి కలిసికొనునా అనునది చూచినచో తుపాను బలము సగము తెలిసినట్లే.

పిమ్మట సముద్రమట్టపు పీడన పటమును చూడవలయును. అమెరికా తూర్పుతీరపు మంచు తుపానును అక్కడివారు ఈశాన్యపు తుపాను అందురు; అది తీరమునకు దగ్గరగా పోవునప్పుడు గాలి ఈశాన్యము నుండి వీచును గనుక ఆ పేరు. కరొలైనా తీరము వద్ద గల్ఫ్ స్ట్రీమ్ అను వెచ్చని సముద్ర ప్రవాహము మీద అది బలమును పుంజుకొనును. 40 డిగ్రీల ఉత్తర అక్షాంశము, 70 డిగ్రీల పశ్చిమ రేఖాంశము కలియు బిందువును అక్కడి సూచకులు గుర్తురాయిగా పెట్టుకొన్నారు. తుపాను కేంద్రము ఆ గుర్తురాయికి దగ్గరగా పోయినచో న్యూయార్కు నుండి బోస్టను వరకు మంచు పడుట కవకాశము హెచ్చు. తీరమునకు మరి దగ్గరగా పోయినచో సముద్రపు వెచ్చదనము లోనికి వచ్చి మంచు వానగా మారును. దూరముగా పోయినచో మంచు సముద్రము పాలగును. మన కోస్తావారికి ఈ లెక్క క్రొత్త కాదు. వాయుగుండము మచిలీపట్నము వద్ద తీరమెక్కునా, ఒడిశా వైపు తిరుగునా యని ఎదురుచూచినవారికి దారిలో యాభై మైళ్ళ విలువ ఎంతయో తెలియును.

ఇక ఉష్ణోగ్రత. ఇదియే ఈ చదువులో రుచిగల భాగము. నేలమీద సున్న డిగ్రీలున్నచో మంచు, లేనిచో వాన యని తలచుట పొరపాటు. మంచుపింజ పుట్టినచోటి నుండి నేలకు చేరుటలో అనేక అంతస్తులను దాటవలెను. ఆ అంతస్తులన్నిటి ఉష్ణోగ్రతయు కావలయును. అందుకు 850 మిల్లీబార్ల ఎత్తున, అనగా సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల పైన, సున్న డిగ్రీల గీత ఎచ్చట ఉన్నదో చూతురు. 1000 మిల్లీబార్ల తలమునకును 500 మిల్లీబార్ల తలమునకును నడుమనున్న మందమును కూడ చూతురు. చల్లని గాలి ముడుచుకొనును గనుక ఆ మందము తగ్గును. 5400 మీటర్ల గీత మంచునకును వానకును సరిహద్దని స్థూలముగా చెప్పుట వాడుక. స్థూలముగా అనుటలో అర్థమున్నది. నడుమ ఒక్క వెచ్చని పొర దూరినచో మొత్తము మందమునకు పెద్ద మార్పు రాకపోవచ్చును గాని, పింజ మాత్రము కరగిపోవును.

కరగిన పిమ్మట దాని గతి యేమి? వెచ్చని పొర క్రింద చల్లని పొర దళసరిగా ఉన్నచో ఆ బొట్టు మరల గడ్డకట్టి చిన్న గుండ్లుగా టపటప రాలును. చల్లని పొర పలుచనిదైనచో గడ్డకట్టుటకు వ్యవధి చాలదు; నీటిబొట్టుగనే వచ్చి, సున్నకు దిగువ ఉష్ణోగ్రతలోనున్న రోడ్డును, చెట్టుకొమ్మను, కరెంటు తీగను తాకినంతనే గాజుపూత వలె అంటుకొనును. దీనిని ఘనీభవించు వాన యందురు. పటము మీద ఇది రెండడుగుల మంచు వలె భయపెట్టదు. పావు అంగుళమనియో అర అంగుళమనియో ఉండును. కాని కారు నడుపువానికి దీనిని మించిన శత్రువు లేదు. కొమ్మలు విరిగి తీగలు తెగి దినముల తరబడి ఇండ్లలో వెలుతురును వెచ్చదనమును లేకుండ చేయునదియు ఇదియే. పిల్లలకు ఫోను చేయువారు ఎన్ని అంగుళముల మంచు అని కాక, గాజువాన ఉన్నదా యని ముందుగా అడుగవలెనని మా సలహా.

ఇంకొక చమత్కారము. నేల వద్ద రెండు మూడు డిగ్రీల వేడి ఉన్నను గాలి పొడిగా ఉన్నచో వాన మంచుగా మారవచ్చును. వేసవిలో మనము వట్టివేళ్ళ తడికలను తడిపి గదిని చల్లబరచుకొందుము గదా! రాలు బొట్టు పొడిగాలిలో ఆవిరియగుచు తన చుట్టునున్న గాలిని అదే విధముగా చల్లబరచును. అందుచేత ఉష్ణోగ్రతతో పాటు గాలిలోని తేమను కూడ చదువనివారు ఇచ్చట మోసపోవుదురు.

ఇప్పుడు ఆ ఊదారంగు పటమునకు వత్తము. కంప్యూటరు ముఖ్యముగా కట్టునది ఎంత నీరు పడునను సంఖ్యను. ఆ నీరు ఎంత లోతు మంచగునను మాట తరువాతిది. పలు పటములలో ఒక అంగుళము నీటికి పది అంగుళముల మంచు అను ఒకే గుణకారమును వాడుదురు. కాని తడిమంచు ఐనచో అయిదారు అంగుళములు మాత్రమే అగును. మిక్కిలి చలిలో పొడిమంచు ఐనచో పదునైదో ఇరువదియో అగును. జపాను శాస్త్రజ్ఞుడు ఉకిచిరో నకయ 1936లో హొక్కైడోలోని ప్రయోగశాలలో కృత్రిమముగా మంచు స్ఫటికమును పెంచి, దాని ఆకారము ఉష్ణోగ్రత మీదను తేమ మీదను ఆధారపడునని చూపెను. మేఘములో సున్నకు దిగువ 12 నుండి 18 డిగ్రీలుండు పొరలో కొమ్మలు రెమ్మలుగల నక్షత్రపు స్ఫటికములు బాగుగ పెరుగును. గాలి పైకి లేచు బలము ఆ పొరలోనే ఉన్నచో మంచు తేలికగా, ఎత్తుగా పేరుకొనును. పైగా కొన్ని పటములు గుండ్లను కూడ మంచు పద్దులోనే వేయును. ఒకటిన్నర అంగుళము నీరు గుండ్లుగా పడనున్న చోట పటము 15 అంగుళముల మంచు చూపును. నేల మీద ఉండునది మూడు నాలుగంగుళముల గట్టి పొర. కావున ఆ పటమును చూచినప్పుడు దాని గుణకారమేమి, దానిలో గుండ్లను చేర్చిరా అను రెండు ప్రశ్నలను వేసికొనవలెను.

ఇన్ని చదివినను ఒక్క లెక్కను పట్టుకొని కూర్చుండరాదు. ఎడ్వర్డ్ లోరెంజ్ 1963లో ప్రకటించిన వ్యాసము దీనికి కారణమును చూపినది. మొదటి సంఖ్యలలో అత్యల్పమైన భేదమున్నను, దినములు గడచినకొలది ఫలితములు ఒకదానికొకటి పోలిక లేకుండ దూరమగును. గాలిలో ప్రతి చోటను కొలత తీయుట మానవులకు సాధ్యము కాదు గనుక ఆ భేదము ఎన్నడును పోదు. అందుచేత 1992 నుండి ఐరోపా కేంద్రమును అమెరికా సంస్థయు ఒక లెక్కకు బదులు లెక్కల బృందమును నడుపుచున్నవి. మొదటి సంఖ్యలను కొద్దికొద్దిగా మార్చి నేడు ఐరోపావారు 50 పర్యాయములు, అమెరికావారు 30 పర్యాయములు కట్టుచున్నారు. మార్చని లెక్క యొకటి అదనము.

ఈ బృందమును చదువుటలో ఒక ఉచ్చు ఉన్నది. ఏటి సగటు లోతు మోకాలి బంటియని లెక్కగట్టి కుటుంబమును దింపిన కరణము కథ మనవారికి తెలిసినదే. 50 లెక్కలలో 25 తుపానును సముద్రములోనికి పంపి 2 అంగుళములు చూపినవనుకొందము. తక్కిన 25 తీరము వెంట నడిపి 20 అంగుళములు చూపినవి. సగటు 11 అంగుళములు. ఆ 11 అంగుళముల మంచు మాత్రము పడుట దాదాపు కల్ల. సగటు పటమును కాక, ఆరంగుళములకు మించి చూపినవి ఎన్ని, ఒక అడుగునకు మించి చూపినవి ఎన్ని అని లెక్కింపవలెను. 2015 జనవరిలో న్యూయార్కు పడమటి అంచు మీద నిలిచియుండగా ప్రజల చెవిని పడినది పెద్ద సంఖ్య మాత్రమే. సంశయమును ఇంకను స్పష్టముగా చెప్పవలసియున్నదని జాతీయ వాతావరణ సంస్థ అధిపతి లూయీ ఉచ్చెల్లీని ఆ తరువాత అంగీకరించెను. ఈశాన్యపు మంచు తుపానుల మీద ప్రామాణిక గ్రంథమును వ్రాసినవారిలో ఆయనయు ఒకడు.

దీనికి విపర్యయముగా, 2000 జనవరి 24, 25 తేదీల తుపాను సముద్రము మీదుగా పోవునని ముందునాటి లెక్కలు చూపగా, అది తీరమును పట్టి వచ్చి రాలీ నగరములో 20.3 అంగుళముల మంచు కురిపించెను. వాషింగ్టను వాసులు సిద్ధముగా లేకయే నిదుర లేచిరి. ఐనను లెక్కలను చులకన చేయుట న్యాయము కాదు. 1993 మార్చి నాటి మహా తుపానును దాదాపు అయిదు దినముల ముందుగనే గుర్తించిరి. మొదటి పింజ రాలక పూర్వమే కొన్ని రాష్ట్రముల గవర్నర్లు అత్యవసర పరిస్థితిని ప్రకటించిరి. ఆనాటి యంత్రములు నేటి వానితో పోల్చిన బొమ్మల వంటివి.

ఇటీవల మరియొక విధమైన లెక్క వచ్చినది. ఐరోపా కేంద్రము 2025 ఫిబ్రవరి నుండి కృత్రిమ మేధతో నడచు సూచనను కూడ నిత్యము వెలువరించుచున్నది. అది సూత్రములను అడుగడుగునకు కట్టదు. అనేక దశాబ్దముల వాతావరణ చరిత్రను చదివి, దానినుండి నేర్చుకొన్న పోకడలను బట్టి రేపటిని చెప్పును. వేగము అద్భుతము. పెద్ద అలల కదలికలో అది పాత లెక్కలకు దీటుగా నిలుచుచున్నది. కాని పలుచని వెచ్చని పొర యొకటి ఎంత ఎత్తున దూరునో చెప్పుటలో దానికే పట్టము కట్టుటకు మేమింకను సిద్ధముగా లేము.

మన దేశములో హిమపాతము కాశ్మీరులోను, హిమాచలములోను, ఉత్తరాఖండములోను పడమటి అలజడుల వలన కలుగును. అచ్చటి చిక్కు వేరు. పదమూడు కిలోమీటర్ల గడిలో శిఖరమును లోయయు కలిసి ఒకే ఎత్తుగా సర్దుకొనును. పటములో మంచు చూపిన లోయలో వాన పడుచుండును. 2025 మే నెలలో మన ప్రభుత్వము ఆరంభించిన భారత్ సూచనా విధానములో గడి 6 కిలోమీటర్లు. కొండలకు అదియు ముతకయే గాని, ముందటికంటె మేలు.

నిత్యాభ్యాసమునకు ఒక్క మాట. వారమునకు మించిన దూరములో పై గాలి వంపులను, బృందపు మొగ్గును తప్ప అంగుళములను చూడవలదు. పది దినముల తరువాతి ఊదారంగు పటమును పంచిపెట్టుట పుకారును పుట్టించుటతో సమానము. మూడు నాలుగు దినముల లోపల తుపాను దారిని చూడవలెను. వరుస లెక్కలు దానిని ఒకే వైపునకు జరుపుచున్నవా, ఇటునటు ఊగించుచున్నవా యని వ్రాసి పెట్టుకొనవలెను. చివరి దినమున ఉష్ణోగ్రత పొరలను, 3 కిలోమీటర్ల గడితో గంటగంటకు నడచు అమెరికా వారి స్వల్పకాల లెక్కను, రాడారును చూడవలెను. వీనితో స్థానిక వాతావరణ కార్యాలయము వారి ప్రకటనను పోల్చుకొనవలెను. వారి ప్రకటనకును మన చదువునకును తేడా వచ్చినచో వారి మాటయే నడుపవలెను. ఆ ఊరి కొండయు చెరువును వారు ఎరిగినట్లు మనమెరుగము.

సున్న గంటల జీఎఫ్ఎస్ లెక్క ఫలితములు మనకు ఉదయము తొమ్మిది గంటల నుండి రాసాగి, పదిన్నర లోపల దాదాపు పూర్తియగును. కాఫీలు ముగించి ఆ పటములను ముందుంచుకొని కూర్చుండువారికి మరునాటి తుపాను సంగతి బోధపడు వేళకు న్యూజెర్సీలో రాత్రి పదకొండు, పండ్రెండు గంటల నడుమ ఉండును. పిల్లలింకను మేలుకొనియే యుందురు. తెల్లవారుజామున కారు తీయవలసిన పని యున్నదేమో అడుగుటకు అది అనువైన సమయము.